సాంబ్రాణి పొగకు ఊపిరాడని పైథాన్

2023 ఫిబ్రవరిలో జర్మనీలో, కార్ల్స్‌రూహెలోని మా జంతు వైద్యశాలకు వచ్చేనాటికి ఆ పెంపుడు బాల్ పైథాన్, అంటే చిన్న జాతి కొండచిలువ, పోగొట్టుకున్నవి ఇవి: ఒంట్లో రెండువందల పది గ్రాములు, ఆరు వారాల ఆకలి, నోరు మూసుకుని ఊపిరి పీల్చే శక్తి. జంతువును తూచి, ఆ బరువుకు మందు మోతాదు లెక్కకట్టడం నా పని. ఈ లెక్కలు నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. డాక్టర్ రాసే చీటీలు చూస్తూ పట్టుకున్నాను.

పామును తెచ్చింది హర్ష, ఇక్కడ ఎం.ఎస్. చదువుతున్నాడు. వెంట తల్లి సుజాత, ఖమ్మం నుంచి కొడుకు దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మబ్బు కమ్మినట్టుంది. న్యుమోనియా. బతుకుతుందో లేదో చెప్పలేనన్నారు డాక్టర్. పొగగానీ, స్ప్రేగానీ తగిలిందా అని అడిగితే, "మా ఇంట్లో ఎవరూ సిగరెట్ తాగరు" అన్నాడు హర్ష.

పామును ఆక్సిజన్ పెట్టెలో ఉంచాక తల్లిని తెలుగులో అడిగాను.

"అక్కా, దీనికి మీరు రోజూ ఏం చేస్తారు?"

"ఇంట్ల నాగేంద్రుడుంటే ఊకె ఉంటమా చెల్లె? పొద్దుగాల స్నానం చేసి, అద్దాల పెట్టె ముంగట సాంబ్రాణి వేస్త."

"మరి స్మోక్ అలారం మోగలేదేంది అమ్మా?" అన్నాడు హర్ష.

"నువ్వు క్లాసుకు పోంగనే దానికి షవర్ టోపీ తొడుగుత. నువ్వు గొణుగుతవని కిటికీలన్నీ తెరిచిపెడత. వచ్చేటాలకు వాసన కూడ ఉండదు."

పొగకు తోడు ఫిబ్రవరి చలి. కారణం తేలిపోయింది.

"దోషం తగుల్తదా చెల్లె?" ఆమె గొంతు తగ్గించింది.

"దోషం సంగతి నాకు తెలియదక్కా. పాము మనలాగా దగ్గలేదు. లోపల చేరిన కఫాన్ని బయటికి నెట్టలేదు. ఇకమీదట పెట్టెలో వేడి చూడండి, వారం వారం తూచి నాకు చెప్పండి. దానికి కావలసిన సేవ అదే."

ఇంజెక్షన్ మోతాదు హర్ష చెప్పిన పాత బరువుకు కాక, ఆ రోజు తూచిన బరువుకే కట్టాను. చిక్కిన పాముకు పాత మోతాదు ఇస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మందును సన్నటి తుంపరగా పీల్పించే నెబ్యులైజర్ కూడా పెట్టాం. మూడో రోజు పాము నోరు మూసుకుని పడుకుంది.

ఏం హాని జరిగిందని అడిగితే ఎవరూ సాంబ్రాణి పేరు చెప్పరు. వాళ్ల లెక్కలో అది హాని కాదు. అందుకే ఇప్పుడు ఏ జంతువు వచ్చినా, దానికి ప్రేమగా ఏమేం చేస్తున్నారని ముందు అడుగుతాను. సగం రోగాలకు కారణం అక్కడే దొరుకుతుంది.

ఖమ్మం వెళ్లిపోయినా సుజాతక్క కొడుకు చేత తూయించి, అంకె తనే ఫోన్లో చెబుతుంది. పోయినవాటిలో నూట ఎనభై తిరిగొచ్చాయి. ఇంకా రావలసింది ముప్పై గ్రాములు.