కోళ్లు లేని కథ

నిన్న కామారెడ్డిలో, సేవాసంస్థల్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రవాళ్లకు, అమ్మాయిలకు శిక్షణ ఉంటే నన్ను పిలిచారు. మీ ఎల్లారెడ్డి కథ చెప్పండి మేడమ్, పది నిమిషాలు చాలన్నారు. ఆ కథ చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. మోకాళ్ల సంగతి సరేసరి, ఆ ఊళ్ల బస్సులు ఎక్కి దిగడంలోనే అరిగిపోయాయి.

ఎల్లారెడ్డి దాటి పోచారం వైపు పోతే ఒక చిన్న పల్లె. దసరా వెళ్లగానే సగం ఊరు చెరకు నరకడానికి మహారాష్ట్రకు లారీలెక్కేది. మంచాలు, గిన్నెలు, పిల్లలు, అన్నీ ఒకే లారీలో. ఉగాది దాకా బడిలో పంతులూ బల్లలే మిగిలేవి. పిల్లలను ఇక్కడే ఉంచండి, బడిలో పడుకోబెట్టి వండిపెడతామని మా సంస్థ తరఫున ఇల్లిల్లూ తిరిగాను. అందరూ చాయ్ పోశారు, తలూపారు, పిల్లల బట్టలు మాత్రం మూటగట్టుకున్నారు. నేను ఎప్పుడు వెళ్లినా దిగేది ఒక అవ్వ ఇంట్లో. ఆమె కందులు చెరుగుతూ, అరుగు మీద కూర్చున్న తల్లులతో చాట దించకుండానే అన్నది: "కోళ్లను ఎవలింట్ల ఇడిసిపోతుండ్రే? పోరగాండ్లను గా ఇంట్లనే ఇడువుండ్రి."

వలసపోయే ప్రతి ఇంటికీ కోళ్లను అప్పజెప్పే ఇల్లు ఒకటి ఏళ్లుగా ఉంది. గుడ్లు సాకినవాళ్లవి, కోడిపిల్లలు చెరిసగం. తిరిగొచ్చాక ఎవరూ తగువు పడింది లేదు. బడి గదిని నమ్మని తల్లులు ఆ ఇళ్లను నమ్మారు. మేం వంటకని తెచ్చిన బియ్యం ఆ ఇళ్లకే ఇచ్చేశాం. ఆ ఏడు ఉగాది దాకా బడి నిండుగా నడిచింది.

సంస్థకు ఆ కథ రాసి పంపేటప్పుడు కోళ్లను తీసేశాను. పైవాళ్లు నవ్వుతారని సిగ్గేసింది. తల్లిదండ్రుల్లో చైతన్యం వచ్చింది, పిల్లలను ఊళ్లోనే ఉంచారు అని రాశాను. చదవడానికి బాగుంది, అందరికీ నచ్చింది. దాన్ని చూసే సంస్థవాళ్లు, మహారాష్ట్ర సరిహద్దులో డోంగ్లి వైపు అలాగే వలసపోయే ఒక ఊళ్లో, పిల్లలను ఉంచడానికి పెద్ద హాలు తీసుకున్నారు. చాపలు, వంటమనిషి, గోడ మీద గడియారం, ఏ లోటూ లేదు. తల్లులకు కథ చెప్పి ఒప్పించడానికి నన్నే పంపారు. నేనూ రాసినట్టే చెప్పాను. వాళ్లు నమ్మారు.

ఆ హాలులో ఏ పిల్ల ఏ ఇంటిదో తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. మూడు వారాలు తిరగకముందే, మూడో తరగతి పిల్ల ఒకతి అమ్మను వెతుక్కుంటూ సరిహద్దు రోడ్డు పట్టింది. సాయంత్రానికి ఎవరో లారీ ఆయన చూసి తెచ్చి దింపాడు. కాళ్ల నిండా బొబ్బలు. కబురందుకుని తల్లి చెరకు తోటలోంచి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "నీ కథ ఇని ఇడిసిపోయిన అక్కా. ఇగ నా బిడ్డ నా ఎంబడే ఉంటది" అని చేయి పట్టుకుని తీసుకుపోయింది. ఆ పిల్ల మళ్లీ బడి ముఖం చూడలేదు.

జరిగింది వెళ్లి అవ్వకు చెప్పుకున్నాను.

"కోళ్ల ముచ్చట చెప్పినవా బిడ్డా?"

"లేదవ్వా."

"మరి ఏం చెప్పినవే?"

అవ్వ చాటలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. ఇంత అన్నం పెట్టి బస్సెక్కించింది.

నిన్న నాకిచ్చిన పది నిమిషాలూ కోళ్ల గురించే, ఆ పిల్ల గురించే చెప్పాను. ముందు వరుసలో రాసుకుంటున్న అమ్మాయి తలెత్తి, "కోళ్లు కూడా రాయాలా మేడమ్?" అంది. అందరూ నవ్వారు. ముందు అవే రాయమ్మా అన్నాను. కుర్చీలో కూలబడితే, డోంగ్లి పిల్లకు ఇప్పుడు ఈ అమ్మాయంత వయసు ఉంటుందని తోచింది. కథను ఎన్నేళ్లకైనా దిద్దుకోవచ్చు. ఆ పిల్ల మూడో తరగతిలో ఉండాల్సిన ఆ చలికాలం మాత్రం ఆ రోడ్డు మీదే ఆగిపోయింది.