రక్తపరీక్షకు తయారైన మనిషి

బ్రిస్బేన్‌కు గంట దూరంలోని నెరాంగ్‌లో రేకుల షెడ్డులో నడిచే ఆ జిమ్ముకు సొంత డాక్టరుండేవాడు. పేరు కోరీ బ్రానిగన్, వయసు నలభై ఒకటి, చదివింది పదో తరగతి, చేసేది కాంక్రీటు పని. అయినా అక్కడ ఎవడికి రక్తపరీక్ష రిపోర్టు వచ్చినా ముందు చూపించేది అతనికే. బరువులు ఎత్తడం ఆపి, ఫోను అందుకుని, ఎర్ర గుర్తు పడ్డ అంకెలన్నిటికీ ఒక్కొక్కటిగా నిర్దోషి అని తీర్పు చెప్పేవాడు. లివరు అంకె పెరిగిందా, నిన్న కాళ్లకు గట్టిగా వ్యాయామం చేశావు కదా. హిమోగ్లోబిన్ ఎక్కువైందా, నీళ్లు సరిగ్గా తాగలేదు. మంచి కొలెస్ట్రాల్ పాతాళానికి పడిందా, స్టెరాయిడ్ సూదులు ఆపితే అదే లేస్తుంది. ఇక కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ సంగతికొస్తే అతని దగ్గర ఒకటే మాట.

"అది కండ వల్లరా. ఆ లెక్కలు ఆఫీసు కుర్చీల్లో కూర్చునేవాళ్లకి. మనకి సరిపోవు."

ఇందులో కొంత నిజముంది, చిక్కంతా అక్కడే వచ్చింది. కండ బాగా ఉన్నవాడికి క్రియాటినిన్ కొంచెం ఎక్కువే ఉంటుంది. ఆ కొంచెం చాటున కోరీ చాలా దాచేశాడు. పదకొండేళ్లుగా తొడకు పొడుచుకుంటున్న స్టెరాయిడ్ సూదులు, దిగనని భీష్మించుకున్న బీపీ, పొద్దున్నే మూత్రంలో పేరుకునే నురగ, అన్నీ ఆ చాటునే ఉన్నాయి. నురగకు కారణం ప్రోటీన్ పొడి అని తనకు తానే తేల్చేసుకున్నాడు.

అతని చెల్లెలు టెగన్‌కు తొమ్మిదో ఏటి నుంచి షుగరు. రోజుకు నాలుగు ఇన్సులిన్ సూదులతో, స్కూలు క్యాంటీన్‌లో శాండ్‌విచ్‌లు చేసుకుంటూ ముప్పై ఆరేళ్ల దాకా నెట్టుకొచ్చింది. ఆ ఏడాది కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడు రోజులు డయాలిసిస్. ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే తప్ప లాభం లేదన్నారు.

తల్లి పోయాక వీళ్లిద్దరినీ పెంచింది మర్లీన్ పిన్ని. ఒక ఆదివారం ఆవిడ పెరట్లో సాసేజీలు కాలుతుంటే, డబ్బాలో తెచ్చుకున్న ఉడికించిన కోడిమాంసం తింటూ కోరీ తేల్చి చెప్పేశాడు.

"ఇంకెక్కడో వెతకడం దేనికే? నాకు రెండున్నాయి. ఒకటి తీసుకో."

టెగన్ ఏడ్చేసింది. కోరీని ఎన్నైనా అనొచ్చు గానీ, చెల్లెలి మీద ప్రేమ విషయంలో వేలెత్తి చూపలేం. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. పైగా ఆ పెరట్లో ఇవ్వడానికి తగిన మనిషి ఇంకెవరున్నారు? అరవై ఆరేళ్ల మర్లీన్ పిన్ని తన పేరు కూడా రాయిస్తానంది. క్లబ్బులో పచ్చిక మీద బంతులు దొర్లించడం, టీలో బిస్కెట్లు ముంచుకోవడం తప్ప ఆవిడ చేసే వ్యాయామం లేదు. మనిషి నలభై ఎనిమిది కిలోలు. "నీ కిడ్నీ బఠాణీ గింజంత ఉంటుంది పిన్నీ, దాన్నేం చేసుకుంటుంది అది?" అన్నాడు కోరీ. అందరూ నవ్వారు, పిన్నితో సహా. నవ్వుతూనే పేరు రాయించింది.

రక్తపరీక్ష అంటే లోపల ఏముందో తెలుసుకోవడానికి అని మామూలు జనం అనుకుంటారు. జిమ్ము జనానికి అది గట్టెక్కాల్సిన పరీక్ష. కండల పోటీకి స్టేజీ ఎక్కేముందు తయారైనట్టే కోరీ ఈ దాత పరీక్షకూ తయారయ్యాడు. పది రోజులు బరువు ముట్టలేదు, మాంసం మానేశాడు, నీళ్లు కడవలకొద్దీ తాగాడు. ఆసుపత్రి ఫారంలో స్టెరాయిడ్లు వాడతారా అన్న ప్రశ్నకు లేదని టిక్కు పెట్టాడు. క్రియాటినిన్ నిజంగానే దిగింది. గర్వంగా ఆ కాగితాన్ని ఫొటో తీసి జిమ్ము గ్రూపులో పెట్టాడు.

రెండు వారాలకు బ్రిస్బేన్ ఆసుపత్రి నుంచి కిడ్నీ డాక్టరు ఫుంగ్ పిలిపించింది. ఆవిడ ఏమీ అడగకముందే కోరీ కండ గురించి మొదలుపెట్టాడు. ఆవిడ ఓపిగ్గా పూర్తిగా విన్నది.

"కండ వల్ల క్రియాటినిన్ పెరుగుతుంది, నిజమే. అందుకే కండతో పనిలేని ఇంకో పరీక్ష కూడా చేశాం. మీ కిడ్నీలు సగం కూడా పనిచెయ్యట్లేదు కోరీ. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. కండ ఆ పని చెయ్యదు. ఎన్నేళ్ల నుంచి పొడుచుకుంటున్నారు?"

"పదకొండు," అన్నాడు. మధ్యమధ్య ఆపుతుంటానని కూడా చెప్పాడు, అదేదో ఉపవాసం చేసినట్టు.

ఈ రోజు నుంచే ఆపెయ్యాలని, బీపీ మాత్రలు వేసుకోవాలని, మిగిలిందాన్ని కాపాడుకోవచ్చేమో చూద్దామని చెప్పింది. చెల్లెలికి ఏమని చెబుతారని అడిగాడు. దాతగా తగడు అని మాత్రమే రాస్తామని, కారణం ఎవరికీ బయటపెట్టబోమని, అది ఇక్కడి పద్ధతని అన్నది. కోరీకి ప్రాణం లేచొచ్చింది. తన కిడ్నీలు పోతున్నాయన్న కబురు కంటే ఈ కబురే ముందు చెవికెక్కింది, మనిషి అంతే.

బఠాణీ గింజ నెగ్గింది. గుండె, రక్తం, మూత్రం ఏది చూసినా మర్లీన్ పిన్నికి వంక పెట్టడానికి లేకపోయింది. ఆపరేషన్ అయిన ఐదో రోజు కోరీ ద్రాక్షపళ్లు పట్టుకుని చెల్లెల్ని చూడబోయాడు. టెగన్ ముఖంలోకి ఎన్నాళ్లకో రంగొచ్చింది. కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, తర్వాత నెమ్మదిగా అన్నది.

"నువ్వు భయపడ్డావని నాకు తెలుసు అన్నయ్యా. తగవని రాసి ఆసుపత్రివాళ్లు నీ పరువు కాపాడారు. నాకేం కోపం లేదు."

ఒప్పుకుంటే సరిపోయేది. పిరికివాడనిపించుకుని ఇంటికెళ్లిపోవచ్చు. కోరీ ద్రాక్షగుత్తి వైపు చూశాడు. పదకొండేళ్లలో మొదటిసారి సాకు చెప్పడం చేతకాలేదు.

"భయపడలేదే. ఇవ్వడానికి నా దగ్గర మంచిది లేదు. రెండూ నేనే పాడుచేసుకున్నాను, సూదులతో."

టెగన్ కళ్లలో నీళ్లు తిరిగాయి, దుప్పటి అంచుతో ఒత్తుకుంది. తర్వాత అన్నయ్య మోచేయి పట్టుకుని, ఎంత గుచ్చుకోవాలో అంతా గుచ్చుకునేలా నవ్వింది.

"పిన్నికి ఇంకొకటి మిగిలింది. దాని మీద కన్నెయ్యకు."

కోరీ కూడా నవ్వాడు. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన వారానికే ఆ ఆలోచన తన బుర్రలోకి వచ్చిందని మాత్రం చెల్లెలితో చెప్పలేదు.