బూజు సార్ నెత్తినేసుకున్న తప్పు

మా సార్ పోయారు. రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో. హన్మకొండ చౌరస్తాలో నేను చెప్పుల షాపు ముందు బేరమాడుతుంటే మా ఆఫీసు అటెండరు సైకిలు దిగి, "పెద్దసారు పోయిండు సార్. పొద్దుగాల దవాఖానకు తీస్కపోయిన్రు, దక్కలే" అన్నాడు. చెప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బతికినన్నాళ్ళూ ఎండను తిట్టిన మనిషికి పోవడానికి ఈ ఎండే దొరికిందా అని.

ఆయన వరంగల్‌లో పంటల మీద పరిశోధన చేసే ఒక చిన్న ఆఫీసులో పురుగుల విభాగానికి పెద్ద. నేను ఆయన కింద అసిస్టెంటును. డెబ్బైల చివర ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన రిటైరయ్యేదాకా మేమిద్దరం కీచులాడుకోని వారం లేదు. ఊళ్ళలో ఆయన్ని బూజు సారు అనేవాళ్ళు. అది ఎగతాళికే మొదలైంది గాని, ఆయన బిరుదులాగా మోశారు.

పంటను తినే పురుగు ఒంటి మీద మొలిచి, లోపలికి పాకి దాన్ని చంపే తెల్ల బూజు ఒకటుంది. దాన్ని జొన్న నూకల మీద పెంచి, ఆ నూకలను నీళ్ళలో కడిగి, వడగట్టి చేనుకు కొడితే విషం అక్కర లేకుండానే పురుగు చస్తుంది. సార్ పట్టిన పని అదే. ఆ రోజుల్లో రైతులు విషం సీసా మూతను పళ్ళతో లాగేవాళ్ళు. అది చూసినప్పుడల్లా ఆయనకు ఆ పూట అన్నం సయించేది కాదు.

చిక్కంతా వేడితోనే. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర ఆ బూజు హాయిగా పెరుగుతుంది. ముప్పై దాటితే మందగిస్తుంది. ముప్పై అయిదు దాటితే మొలకెత్తడమే మానుకుంటుంది. ఇక ఎండ నేరుగా తగిలితే చెప్పేదేముంది. వరంగల్ ఎండ సంగతి మీకు తెలియనిదా? కరెంటు పోయిందంటే సార్ ముఖం చూడలేకపోయేవాళ్ళం. బూజు సీసాలను గంపలో సర్దుకుని, ఖిలా వరంగల్‌లో తాను అద్దెకుండే రాతిగోడల ఇంటికి రిక్షాలో తీసుకుపోయేవారు. అక్కడ నీళ్ళ కుండల మధ్య తడి గోనెసంచులు కప్పి ఉంచేవారు. "మా ఇంట్ల సల్లదనమంత బూజుకే, మిగిలితే మాకు" అనేది వాళ్ళావిడ. దేన్నైనా అరచేతితో కాదు, చేతి వెనక భాగంతో ముట్టుకుని చూడటం ఆయనకు అలవాటు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. టీ గ్లాసునూ అంతే, ఓ పూట నేను దగ్గుతూ ఆఫీసుకొస్తే నా నుదుటినీ అంతే.

"మనకు జరమొస్తే గోలీ ఏస్కుంటమయ్యా. బూజుకు జరమొస్తే ఏమేస్తం? మనమే నీడ వట్టాలె" అనేవారు.

ఒకసారి గట్టు మీద జబ్బుపడ్డ మిడతను చూపించారు. పక్కనే తుమ్మ నీడ ఉన్నా అది ఎండలోనే కూర్చుంది. "సూడు. ఒళ్ళు కాగితే బూజు సస్తదని దానికెరుక" అన్నారు. మిడతకున్న తెలివి మనకు లేదు సార్, ఏ జబ్బూ లేకుండానే ఎండలో తిరుగుతున్నామన్నాను. ఆయన నవ్వలేదు. నా జోకులకు ఆయన నవ్వడం అరుదు.

ఎనభైల నడుమ ఒక వానాకాలం, పాలకుర్తి దిక్కు ఒక ఊళ్ళో పల్లి చేనుకు లద్దెపురుగు పడింది. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. చేను ఒక అవ్వది, ఆమె కొడుకుది. వానలు పడి వాతావరణం చల్లబడింది, బూజుకు అంతకన్నా మంచి అదను రాదు. ఈ ఒక్క చేన్లో గెలిస్తే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇద్దామని, ఓడితే ఈ పని కట్టిపెట్టాలని సార్ పైనుండే పెద్దాఫీసరు ముందే చెప్పాడు. సార్ బూజు సంచులను తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళారు. కొడుకు చేతికిచ్చి, "సల్లగుంచాలె. పొద్దుగూకినంకనే కొట్టాలె. ఇది విషం గాదు బిడ్డా, తెల్లారేసరికి సంపది. జర ఓపిక వట్టు, వేరే మందు ముట్టకు" అన్నారు.

ఆ పిల్లవాడు మాట తప్పలేదు. పొద్దుగూకాకే కొట్టాడు. ఓపికా పట్టాడు. పురుగు చావలేదు. ఆకులు పోయి ఈనెలు మిగిలేదాకా చూసి చూసి, ఇక తట్టుకోలేక షాపు నుంచి విషం తెచ్చాడు. మిట్టమధ్యాహ్నం, అంగీ కూడా లేకుండా, గాలికి ఎదురుగా కొట్టాడు. చేన్లోనే పడిపోయాడు.

మేం దవాఖానకు పోయేసరికి అవ్వ వరండాలో కూర్చునుంది. సార్ పోయి ఆమె పక్కన నేల మీదే కూర్చున్నారు, ఆయన పక్కన నేను. ఆమె ఎవరినీ తిట్టలేదు.

"నేను మంచిగనే జూసిన సారూ. మీరు అటు వోయిన్రు, వీడు అక్కను తోల్కరానీకి డోర్నకల్ వోయిండు. జొన్నలు జూస్తె బూజు వట్టినయి. ఖరాబయితయని, వాన తెరపియ్యంగనే సాపేసి ఎండల వోసిన. మంచిగ ఎండినంక చెరిగి మల్ల సంచులకెత్తిన. వాడొచ్చినంక గవే కొట్టిండు. మరి పురుగెందుకు సావలే?"

కొడుక్కు ఆమె ఈ సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని తోచి ఉండదు. మనిళ్ళలో పప్పుకో బియ్యానికో బూజు పడితే ఎండబెట్టమని ఎవరైనా చెప్పాలా? మాకూ ఆ ఆలోచన రాలేదు, ఇంట్లో ఉండే మనిషికి ఒక్క మాట చెప్పి వద్దామని. కొడుకు చేనుకు కొట్టింది ఉత్త జొన్న కడుగు.

నేను నోరు తెరవబోయాను. సార్ నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కారు.

"నీదేం లేదవ్వా. నేనే తొందరపడ్డ. ఎండలు పూర్తిగ తగ్గకముందే ఇచ్చిన. తప్పు నాది."

ఆమె ఆయన ముఖంలోకి చూసి, "గట్లనా" అంది.

కొడుకు బతికాడు. చేతుల వణుకు మాత్రం పోలేదు. ముద్ద నోటిదాకా వచ్చేలోపు సగం రాలిపోతుంది, అవ్వే తినిపిస్తుంది.

తర్వాత పెద్దాఫీసరు పెట్టిన మీటింగులోనూ సార్ అదే చెప్పారు, మన వేడికి ఇది ఆగలేదని. పని మూతపడింది. బయటికొచ్చాక నేను ఆయన మీద అరిచాను. "ఒక్క డిగ్రీ అటిటు రాస్తె నన్ను నిలవెట్టి తిట్టేటోళ్ళు. ఇయ్యాల మీరు గింత అబద్ధమాడుతరా? అవ్వకు చెప్పకున్రి, వీళ్ళకన్న చెప్పొచ్చు గద సార్?"

"ఇక్కడ జెప్తె ఊరికి వోదా? వాని చేతులు వణికినప్పుడల్ల ఆమె ఎట్ల బతకాలె? బూజుదేముందయ్యా, రేపు ఇంకొకడు వెంచుతడు."

ఇంకొకడెవడూ పెంచలేదు. ఆయన చేసింది మంచో చెడో నాకు ఇప్పటికీ తేలడం లేదు. ఒక తల్లిని కాచారు, నిజమే. ఆ తర్వాత విషం కొట్టి పడిపోయిన ఎవరి కొడుకును చూసినా నాకు సార్ మీద మళ్ళీ కోపం వస్తుంది. అంత ప్రేమించిన మనిషి మీద ఇంత కోపం పెట్టుకుని ఎట్లా ఉండాలో తెలియడం లేదు.

మొన్న సంతాప సభలో ఒకాయన, "మంచి మనిషి, పాపం ఆయన బూజే మన ఎండకు ఆగలేదు" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. ఆగింది. చల్లగా చూసుకున్న చోట ఆగింది. మా ఆఫీసు మడిలో లద్దెపురుగులు కొయ్యబారి, తెల్లబడి ఆకులకు అతుక్కుని ఉండగా కళ్ళారా చూసినవాణ్ణి నేను. అవ్వకు చదువు రాదు. మీలో ఎవరైనా ఆమెను ఆనవాలు పడితే, దయచేసి ఇది చదివి వినిపించకండి.

సార్ దినాలకు అవ్వ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచింది.

"సారు మా పంట ఆగం జేసిండని ఊరంత తిట్టిన్రు బిడ్డా. నేను తిట్టలే. తొందరపాటు ఎవలికి లేదు? నేనెప్పుడో మాఫ్ జేసిన. గా మాట ఆయన ఉన్నప్పుడు జెప్పకపోతి. మనసుల వెట్టుకొనే పోయిండో ఏమో."

"ఆయనకు ఎరుకే అవ్వా" అన్నాను.

ఆమె తల ఊపి, కొడుకును సార్ ఫోటో ముందుకు తీసుకుపోయింది. అతను దండం పెట్టబోతే చేతులు ఒకదానికొకటి కలవలేదు. అవ్వ ఆ రెండు చేతులనూ తన చేతుల మధ్యకు తీసుకుని, దగ్గరికి చేర్చి, కదలకుండా అదిమి పట్టుకుని సార్‌కు దండం పెట్టించింది.