కిటికీ పక్క కుర్చీ

నెలకోసారి జీవిత లక్ష్యం మార్చుకోకపోతే బాబాయికి నిద్ర పట్టేది కాదు.

"ఇక తేలిపోయిందే అమ్మాయ్, నేను పుట్టింది వయొలిన్ కోసమే!" అని ఓ ఆదివారం అన్నకూతురితో ప్రకటించేవాడు. నలభై రోజులు తిరిగేసరికి వయొలిన్ అటకెక్కేది, ఆయన షార్ట్‌హ్యాండ్ కోసం పుట్టి ఉండేవాడు. ఆ తరవాత కుర్చీలల్లడానికీ, గడియారాలు విప్పడానికీ, పుస్తకాలకు అట్టలు కట్టడానికీ వరసపెట్టి పుట్టాడు. "ఒక్క మనిషి ఇన్నిసార్లు పుడితే నేనెన్నిసార్లు చావాలి?" అనేది పిన్ని, ఆయన సగం అల్లి వదిలేసిన కుర్చీలో కూలబడి ఇరుక్కుపోయినప్పుడల్లా.

పోస్టాఫీసులో ఉత్తరాలను ఊళ్ళవారీగా గూళ్ళలో వేయడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్ళలో ఒక్క ఉత్తరం దారి తప్పలేదు. అందరి దారులూ తెలిసిన మనిషికి తన దారి తెలియకపోవడమేమిటని అన్నకూతురికి ఒళ్ళుమంట.

ఆమె తీరు వేరు. ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీసేది, జీవితాన్నీ అలాగే గీసుకుంది. ఏ ఏట ఏం చేయాలో పదహారేళ్ళప్పుడే కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించింది. ముప్పై నాలుగో ఏటి ఎదురుగా "సొంత డ్రాయింగ్ క్లాసు" అని ఉండేది. దాని కింద ఎర్రసిరాతో రెండు గీతలు.

"నీకంటూ ఒక గమ్యం లేదా బాబాయ్?"

"లేకపోవడమేమిటే, బోలెడున్నాయి. నీకే పాపం, ఒక్కటి."

ముప్పై నాలుగో ఏట ఆమె ఉద్యోగం మానేసి, బజారులో వీధివైపు కిటికీ ఉన్న గది తీసుకుంది. ఆరు బల్లలు వేసి బోర్డు కట్టింది. మొదటిరోజు తొమ్మిదింటికల్లా తలుపు తోసుకుని వచ్చింది ఎవరనుకున్నారు? బాబాయే. చెవిమీద పెన్సిలు, చంకలో, చుట్టిన కాగితం కూడా విప్పని, ప్లాన్లు గీసే కొత్త టీ స్కేలు. నేరుగా వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"నేను పుట్టింది ప్లాన్లు గీయడానికేనే! ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయాను."

అసలే ఆమె కళ్ళు వీధి మీదే ఉన్నాయి. "ఇది నా బతుకు బాబాయ్, నీ నెలరోజుల సరదా కాదు. నువ్విక్కడ కూర్చుంటే చూసినవాళ్ళు నవ్విపోతారు. లే."

"పోనీ, ఇంకొకరు వచ్చేదాకా కూర్చోనా?"

"వద్దన్నానా!"

ఆయన పెన్సిలు జేబులో పెట్టుకుని, కుర్చీని చప్పుడు కాకుండా బల్ల కిందికి జరిపి వెళ్ళిపోయాడు.

అయిదు వారాలు ఒక్కరూ రాలేదు. దారినపోయేవాళ్ళు బోర్డు చదివేవారు, కిటికీలోంచి తొంగిచూసేవారు, ఖాళీ బల్లలు చూసి సాగిపోయేవారు. ఆరో వారం ఆమె బోర్డు దించేసి, పాత ఆఫీసులో బతిమాలుకుని మళ్ళీ చేరింది. బీరువా తలుపు మీది కాగితం చింపేసింది గానీ జిగురు మరకలు పోలేదు.

పన్నెండేళ్ళు గడిచాక ఒక వయొలిన్ మాస్టారు ఆ ఆఫీసుకి వచ్చాడు. శిష్యులు ఎక్కువైపోయారట, మేడమీద హాలు వేయించాలట.

"పోస్టాఫీసు బాబాయిగారు మీ దగ్గరే గీయించుకోమన్నారమ్మా."

"మా బాబాయి మీ దగ్గరే కదండీ నేర్చుకుంది! ఎలా వాయించేవాడు?"

"వీధిలో పిల్లులు ఇళ్ళు మారిపోయాయి," అన్నాడు మాస్టారు. "కానీ నా మొదటి శిష్యుడు ఆయనేనమ్మా. ఖాళీ గదిలోకి ఎవరు అడుగుపెడతారు చెప్పండి? కిటికీ పక్కన కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి కనబడేలా నలభై రోజులు గీకాడు. రెండో మనిషి చేరాడు. మర్నాటినుంచి ఈయన లేడు! షార్ట్‌హ్యాండ్ మేడం దగ్గరా ఇంతే, కుర్చీల మేస్త్రీ దగ్గరా ఇంతేనట."

ఆమె చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "ఇంకొకరు వచ్చేదాకా కూర్చోనా?" అన్న మాట ఆమెకు బట్వాడా కావడానికి పన్నెండేళ్ళు పట్టింది. గమ్యం లేనివాడనుకున్న మనిషికి మొదటినుంచీ ఒకటే గమ్యం. అది కనబడక తన గమ్యాన్ని తన చేత్తోనే పోగొట్టుకుంది.

సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్ళింది. రిటైరైన ఆయన గోడగడియారం విప్పి, మళ్ళీ బిగించలేక తంటాలు పడుతున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"జాలిపడి వచ్చానంటే నువ్వు ఊరుకునేదానివా?"

"నేనే లేపి పంపించాను."

"పంపించావు. నేనూ సిగ్గు విడిచి మర్నాడు మళ్ళీ రావలసింది. అలిగి కూర్చున్నాను. నాకూ బాధగానే ఉందే, ఇన్నేళ్ళుగా."

నలభై ఆరో ఏట ఆమె సందులో చిన్న గది తీసుకుంది. రెండే బల్లలు. మొదటిరోజు తొమ్మిదింటికి బాబాయి వచ్చాడు. అదే టీ స్కేలు, ఇప్పటికీ కాగితం విప్పలేదు.

ఆయన గీసిన మొదటి ఇంటికి తలుపు లేదు.

"లోపలికెలా వెళ్తారు బాబాయ్?"

"కిటికీ పెట్టానుగా!"

పందొమ్మిదో రోజున ఓ తాపీమేస్త్రీ భార్య కిటికీ దగ్గర ఆగి, బాబాయి బల్లమీది ఆ ప్లాను చూసి పగలబడి నవ్వింది. తరవాత లోపలికి వచ్చింది. "ఆయనకే ఓపిగ్గా నేర్పుతున్నారంటే నాకూ నేర్పగలరు మేడం," అంది.

మర్నాడు బాబాయి రాలేదు. రాడని తెలిసీ ఆమె పదింటిదాకా గుమ్మంలోనే నిలబడింది. పన్నెండేళ్ళ కిందట ఆయన్ని లేపకుండా ఉంటే ఎన్నో రోజుకి రెండో మనిషి వచ్చి ఉండేవారో అని లెక్కేసుకుంది. లోపలికి వచ్చి చూస్తే ఆయన బల్లమీద టీ స్కేలు కింద చీటీ ఉంది.

"ఇక తేలిపోయిందే అమ్మాయ్. నేను పుట్టింది టోపీలు కుట్టడానికే. పక్కవీధిలో కొత్తగా క్లాసు పెట్టారు. పాపం, ఎవరూ లేరు."

ఇంటికి వెళ్ళి ఆ చీటీని బీరువా తలుపుకి అంటించింది, సరిగ్గా ఆ జిగురు మరకల మీద.