గోడ వైపు మొహం, దండెం వైపు మనసు

ఆ రోజుల్లో మనసు ఖాళీ చేసుకోవడం చాలా తేలిక అనుకునేవాణ్ని. ఇరవై ఏళ్లవాడి మనసులో ఉండే సరుకెంతని! (ఉన్నదంతా అనుమానమేనని తరవాత తెలిసింది.) మా బొమ్మల కాలేజీ మాస్టారు ఎక్కడో జపాన్‌వాళ్ల జెన్ ధ్యానం గురించి చదివారు. చిత్రకారుడు ముందు గోడకెదురుగా కదలకుండా కూర్చోవాలనీ, మనసు కుదుటపడ్డాక ఒక్క ఊపిరిలో నల్లసిరాతో సున్నా చుట్టాలనీ, చుట్టాక దాని ఊసే తలవకుండా మళ్లీ గోడకేసి తిరగాలనీ చెప్పారు. మంచి సున్నా వార్షిక ప్రదర్శనకు వెళుతుందన్నారు. నా బతుకంతా దానిమీదే ఉంది. "ఈ ఏడు కూడా నీ బొమ్మ గోడకెక్కకపోతే వచ్చి మన బియ్యం కొట్లో కూర్చో" అని గుడివాడ నుంచి నాన్న తేల్చి చెప్పేశాడు.

చిక్కడపల్లి సందులో మా అద్దె గది. ముందు వసారా, వసారాలో దండెం, దాని పక్కనే ఇంటిగలావిడ బర్రె. రోజూ పొద్దున్నే సున్నా గీసి దండేనికి ఆరేసి, గదిలోకొచ్చి గోడకేసి కూర్చునేవాణ్ని. లేచి చూస్తే దండెం మీద కాగితం ఉండేది కాదు! మొదట గాలి అనుకున్నాను. తరవాత నా అనుమానం నాతోపాటు గదిలోనే ఉండే రంగులన్న మీదికి పోయింది. (రంగు చేతులతోనే అన్నం తింటాడని ఆ పేరు.) వాడూ అదే ప్రదర్శనకు పోటీ.

"అరే భాయ్, జర సోంచాయించు. నీ సున్నాలు నాకెందుకు? పరీక్షల్ల నాకు మస్తుగొస్తయి" అన్నాడు వాడు. ఆ నవ్వు చూస్తే అనుమానం ఇంకా పెరిగింది. ఇక నా ధ్యానం ఎలా సాగేదో ఊహించుకోండి. కళ్లు గోడమీద, చెవులు దండెం మీద. వాడు దగ్గితే దొంగదగ్గులా వినిపించేది, దగ్గకపోతే ఎందుకు దగ్గలేదా అనిపించేది. చివరికి నారాయణగూడలో చిన్న అద్దం కొనుక్కొచ్చి, వెనకాల వసారా కనిపించేలా ఎదురుగోడకు తగిలించాను. జెన్‌లో అద్దం పెట్టుకున్న మొదటివాణ్ని బహుశా నేనే.

మర్నాడే దొంగ అద్దంలో పడింది. ఇంటిగలావిడ! పటకారుతో నా సున్నాను అంచు పట్టుకుని, చెయ్యి బారెడు దూరం పెట్టి, నీళ్ల పొయ్యి వైపు తీసుకుపోతోంది. లేచి పరిగెత్తాను.

"ఏమిటండీ పిన్నిగారూ ఇది?"

"నువ్వే చెప్పు బిడ్డా, గిదేంది! పొద్దుగాల లేస్తవు, గోడకు మొకం పెట్టి కూసుంటవు, నల్లగ సున్నా గీస్తవు. గప్పటిసంది నా బర్రె పాలిస్తలేదు. బాణామతి చేస్తున్నవా?"

చేతబడి అన్నమాట! ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రంగులన్న మాత్రం హాయిగా నవ్వాడు. "నా ముంగట గియ్యి, చూస్త" అందావిడ. బర్రె పక్కనే చతికిలబడి, దొంగెవరన్న దిగులు లేకుండా మొదటిసారి సున్నా చుట్టాను.

"గింతేనా?"

"అంతేనండీ."

"గిందుకు కాలేజీకి వోతున్నవా? మీ నాయినకు ఎరుకేనా?" అని, ఎందుకైనా మంచిదని ఆ తడి సున్నా మధ్యలో బొటనవేలితో ఇంత కుంకుమ అద్దింది. "ఇగ దీన్ని నా ఇంట్ల ఉంచకు."

నా దగ్గర మిగిలింది అదొక్కటే. దాన్నే కాలేజీకి పట్టుకెళ్లి మాస్టారి ముందు పెట్టాను.

"ఈ ఎర్రచుక్క నువ్వు ఆలోచించి పెట్టింది కాదు."

"కాదండీ, మా ఇంటిగలావిడ పెట్టింది."

"చూశారా! వీడిలో 'నేను' అన్నదే పోయింది!" అంటూ క్లాసంతటి ముందూ నా భుజం తట్టారు.

బొమ్మ గోడకెక్కింది, బియ్యం కొట్టు తప్పింది. ప్రదర్శనకు ఇంటిగలావిడ కూడా వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నా బొమ్మకు ఎదురుగా, దూరంగా నిలబడిపోయింది. ఎంత పిలిచినా ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు. ఆ తరవాత ఇన్నేళ్లలో నా బొమ్మల్ని మెచ్చుకున్నవాళ్లున్నారు, కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. భయపడినవాళ్లు మాత్రం మళ్లీ దొరకలేదు.