మామ లారీలో పక్క సీటు

మామ పోయాడని ఆయన మనవడు ఫోన్ చేశాడు. ఆ పిల్లవాడికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి రాదు. మరాఠీలో రెండు ముక్కలు చెప్పి, నన్ను ఓదార్చాలో, నాతో ఓదార్పించుకోవాలో తెలియక ఫోన్ పెట్టేశాడు. నాకూ తెలియలేదు.

మామ నాకు మేనమామా కాడు, పిల్లనిచ్చిన మామా కాడు. కామాటిపురాలోని మా చాల్‌లో, వరస గదుల ఆ పాత మేడలో, నా ఖోలీ పక్క ఖోలీ ఆయనది. ఇద్దరి తాతలూ పాలమూరు నుంచి తట్టా పారా పట్టుకొని ఈ ఊరు కట్టడానికి వచ్చినవాళ్లే. చాల్‌లో గోడలు ఎంత పల్చనో చుట్టరికాలు అంత చిక్కన. పక్కింట్లో పప్పు మాడితే మనం కుండ దించుకునేవాళ్లం. ఆ పప్పు గురించి ఇంకో పేజీ రాయగలను కానీ, మామ ఉంటే "దోవ మీదికి రా అల్లుడా" అనేవాడు. వస్తున్నాను.

మిల్లులు మూతపడి ఏడాది కావొస్తున్న రోజులవి. మిల్లు బట్టల బేళ్లను గోదాముకు తోలే లారీ మీద ఉండేవాణ్ని. మిల్లుతోపాటు నేనూ ఆగిపోయాను. ఇంటావిడ ఏడో నెల కడుపుతో బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది. మామ హైదరాబాదు రూటులో లారీ తోలేవాడు. సరిగ్గా అప్పుడే ఆయన బండికి రెండో డ్రైవరు కావలసి వచ్చాడు.

"ఊర్ల తోలుడు వేరే, దూరం తోలుడు వేరే అల్లుడా," అన్నాడు మామ. "క్లీనరు జరమొచ్చి పండిండు. వాని జాగల నువ్వు ఒక్క ట్రిప్పు రా. మల్లొచ్చినంక బండి సేటుకు నీ నోటితోనే చెప్పు, జేస్తవో జెయ్యవో."

నేను ఇంటావిడ వైపు చూశాను. చేతిలోని బీడీ ఆకు మీది నుంచి కళ్లెత్తకుండానే ఆమె అంది: "పోయి రా. గ్యాలరీల కూసోని వచ్చిపోయేటోళ్ల మొకాలు జూసే మొగనికంటె డ్రైవరు మొగడు నయమే."

"నయమో కాదో నన్నడుగు పిల్లా," అంది పక్క గడపలోంచి అత్త, అంటే మామ భార్య.

బయలుదేరే ముందు మామ బండి చుట్టూ తిరిగి, ఒక్కో టైరునూ ఇనుప రాడ్‌తో కొట్టి చెవి పెట్టి వినేవాడు. సీటెక్కాక ఇంకెవరి మాటా వినేవాడు కాదు. ఖండాలా ఘాట్ ఎక్కుతూ నేను తలుపు రెండు చేతులా పట్టుకున్నది చూసి, "భయపడు, మంచిదే. భయం నాలుగు దినాలే ఉంటది. అలవాటయినంకనే పానం బోతది," అన్నాడు.

ఇందాపూర్ దాటాక, మధ్యాహ్నం, స్టీరింగ్ నాకిచ్చాడు. తాడు పట్టి గీసినట్టున్న రోడ్డు, రెండు పక్కలా చెరుకు. మొదట్లో బాగానే తోలాను. అంత బాగా తోలుతున్నాననిపించడమే కొంప ముంచింది. రోడ్డు వారన ఎర్రకోట్ల బ్యాండు మేళం వరసగా నిలబడి ఉంది. వాళ్ల ముందు నుదుట బాసికంతో పెళ్లికొడుకు పీట మీద కూర్చుని గుండు గీయించుకుంటున్నాడు! పెళ్లిపూట గుండేమిటి? మొక్కా? పందెమా? పిల్ల తండ్రి పెట్టిన షరతా? నా చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. మనసు మాత్రం బండి దిగి ఆ మంగలి పక్కన చతికిలబడింది.

"అల్లుడా!"

మామ చెయ్యి స్టీరింగ్ మీద పడింది. ఎదురుగా రోడ్డు లేదు, చెరుకు గడలే. ముందు పోతున్న చెరుకు ఎడ్లబండి మీద ఒకామె, ఒళ్లో పిల్ల. ఆమె ముక్కుపుడక కూడా కనిపించేంత దగ్గరికి వచ్చేశాం. గడల కొసలు అద్దాన్ని గీసుకుంటూ పోయాయి. లారీ మట్టిలోకి దిగి, ఒరిగి, ఆగింది. వెనక నుంచి ఆమె మరాఠీలో అరిచింది, నీ కళ్లు పేలాయా అని. పేలలేదు తల్లీ, వేరేచోట ఉన్నాయి.

మామ దిగి, బంపరులో ఇరుక్కున్న చెరుకు ముక్కను పీకి, పంటితో చీల్చి సగం నాకిచ్చాడు. నేను నమల్లేకపోయాను.

"ఏం జూస్తుంటివి అల్లుడా?" అన్నాడు.

చెప్పాను.

"ఎందుకు గీయించుకుంటుండంటవ్ మరి?"

దెప్పుతున్నాడనుకున్నాను. కాదు, నిజంగానే అడిగాడు. ఆయన స్టీరింగ్ పట్టాడు, నేను పక్క సీట్లో కూర్చుని షోలాపూర్ దాకా ఆ గుండు కథ అల్లుతూనే పోయాను. ఆయన ఒక్కచోటా నవ్వలేదు, ఒక్కసారీ ఆవలించలేదు. షోలాపూర్‌లో బండి ఆపి, "ఇగో, ఈ ఎండల నాకు కన్ను మూసుకపోతది రోజూ. ఇయ్యాల పోలే," అన్నాడు. స్టీరింగ్ మళ్లీ ఇవ్వలేదు, నేను అడగనూ లేదు.

తిరుగు దారంతా నాలో నేను వాదించుకుంటూనే ఉన్నాను. ఒక్కసారి తప్పినంత మాత్రాన పనికిరానివాణ్నా? నేర్చుకోనూ? పుట్టబోయే బిడ్డ ఏం తినాలి? మళ్లీ ఆ ముక్కుపుడక కళ్లముందు ఆడేది. రెండో డ్రైవరు లేకపోతే ఆ దూరమంతా మామ ఒక్కడే తోలుకోవాలి. అయినా ఆయన నన్ను పనిలో చేరమనలేదు, వద్దనలేదు.

ఇద్దరం సేటు దుకాణానికి వెళ్లాం. "క్యా బోల్తా? పక్కా?" అన్నాడు సేటు, చేరడం ఖాయమేనా అని. నేను మామ వైపు చూశాను. మామ గోడ మీది క్యాలెండరులో లక్ష్మీదేవిని చూస్తున్నాడు.

"నై జమేగా సేట్," అన్నాను, నా వల్ల కాదని.

ఫాక్‌లాండ్ రోడ్డు పట్టుకుని ఇంటికి నడిచాం. ఇంటావిడకు ఏం చెప్పాలన్నదే నా తలలో. ఖోలీల ముందు గ్యాలరీలోనే ఎదురొచ్చింది, ఏమైందని. నేను నోరు తెరిచేలోపు మామ అందుకున్నాడు: "సేటు తన బామ్మర్దిని పెట్టుకుండు బిడ్డా. మనోడు మంచిగనే తోలిండు."

"వాని బండి చక్రాలూడ!" అంది ఆమె.

"అట్లనకు బిడ్డా. ఆ బండిల నేనుంట."

తర్వాత నేను ఒక రద్దీ దుకాణంలో, అంటే పాత కాగితాలు కొనే చోట, కుదిరి, తూకానికి వచ్చినదల్లా చదువుకున్నాను. నేర్చుకున్న అక్షరమంతా ఆ తక్కెడదే. మామకు మరో రెండో డ్రైవరు దొరికాడు. అయినా బండి కదిలే రోజున నన్ను పక్కన ఎక్కించుకునేవాడు. ఊరి చివర సుంకం నాకా దాకా ఒక కథ చెప్పించుకుని, దింపేసి పోయేవాడు. సగంలో దిగిన కథలు ఎన్నో. తిరిగి వచ్చాక ముందు అదే అడిగేవాడు: "మరి ఏమాయె?"

పోయిన నెల ఆ చాల్‌కి ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. ఏదో చెబుతూ ఉన్నాను. నిద్రపట్టిందనుకుని ఆపేశాను.

"ఆపకు అల్లుడా," అంది అత్త. "పండుకోలే ఆయన. తోలుతుండు."

చూస్తే, దుప్పటి కింద ఆయన కుడి పాదం మెల్లగా నొక్కుతోంది, వదులుతోంది, మళ్లీ నొక్కుతోంది, నిండు లోడుతో ఘాట్ దిగుతున్నట్టు.