ఉప్పు పలక మీద ఊదిన ఊపిరి

మా ఊళ్ళో ఇందా అనే పేట మలుపులో ఒక పంక్చర్ షాపు ఉంది. నేనెక్కిన టోటో, అంటే బ్యాటరీ రిక్షా, అక్కడ ఆగినప్పుడల్లా వేడెక్కిన రబ్బరు వాసన ముక్కుకి తగులుతుంది. పక్కనున్నవాళ్ళు కొంగో రుమాలో అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం ఇష్టంగా పీలుస్తాను. ఇన్నేళ్ళుగా రబ్బరును గాజు గొట్టంలో కాల్చి దాని జాతకం చెప్పడమే నా బతుకుతెరువు మరి. ఆ పని నేర్పిన రత్నం మేడమ్ ఇప్పుడు లేరు. ఖరగ్‌పూర్‌లో ఆమెను ఎరగని తెలుగువాళ్ళు తక్కువ. మీరు ఎరగరు కాబట్టి చెబుతున్నాను.

రైల్వే వర్క్‌షాపుకు వచ్చే రబ్బరు, నూనె, రంగు ముందుగా మా చిన్న ప్రయోగశాల గడప తొక్కేవి. అక్కడ రత్నం మేడమ్ మా పై అధికారి. తాతల నాడే కోస్తా నుంచి రైలు పనికి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం, తాల్‌బగీచాలో ఇల్లు. బెంగాలీవాళ్ళతో బెంగాలీ, హిందీవాళ్ళతో హిందీ, మాతో మాత్రం అచ్చంగా శ్రీకాకుళం. నేను బజారులో కిరాణా దుకాణంవాళ్ళ అమ్మాయిని. చేరిన కొత్తలో ఆ ఇన్‌ఫ్రారెడ్ యంత్రం ఏం చేస్తుందని అడిగితే, "మీ నాన్న నువ్వుల నూనె ఎలాగ గుర్తుపడతాడు?" అని ఎదురడిగారు. "వాసన చూసి" అన్నాను.

"ఇదీ అంతే పిల్లా. కంటికి కనపడని వేడి వెలుగు ఈ సరుకు గుండా పంపుతాం. ఏ సరుకు వంతు వెలుగు అది మింగేస్తాది. ఎక్కడెక్కడ మింగినాదో ఇది గీత గీసి సూపిస్తాది. మనం సదువుకోడమే."

చదవడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. ఒంటి గీతను ఎప్పుడూ నమ్మేవారు కాదు. మంచిదని తెలిసిన సరుకు గీతను, అనుమానపు సరుకు గీతను ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి చూసేవారు. కంప్యూటరు తెర మీదే కలపవచ్చు కదా అంటే, "తెర నువ్వు సెప్పినట్టు ఆడతాది, కిటికీ ఆడదు" అనేవారు. ఇక నాదొక దురలవాటు. తూకం వేసే ముందు తక్కెడ పళ్ళెం మీద ఉఫ్‌మని ఊదడం మా దుకాణంలో పుట్టుకతో వచ్చే విద్య. యంత్రంలో నమూనా పెట్టే ఉప్పు పలక మీద కూడా అలాగే ఊదేదాన్ని. ఉప్పంటే కూరలో వేసేది కాదు, అద్దంలా మెరిసే బిళ్ళ. తడి తగిలితే మసకబారుతుంది. "ఊదకు పిల్లా, ఇది తక్కెడ కాదు" అని ఆమె, "సరే మేడమ్" అని నేను. మళ్ళీ ఊదడమూ నేనే.

ఒక వానాకాలం, ఉబ్బి పగిలిన రబ్బరు రింగు మా దగ్గరికి వచ్చింది. యార్డులో ఒక వ్యాగన్ బ్రేకు గొట్టంలోనిది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, దాన్ని బిగించిన ఫిట్టరును పని నుంచి ఆపేశారు. రింగు నూనెను తట్టుకునే నైట్రైల్ రబ్బరుదైతే, అతను రాయకూడనిదేదో దానికి రాశాడని అర్థం. ఉద్యోగం పోతుంది. మామూలు రబ్బరైతే నూనె తగిలితేనే ఉబ్బుతుంది, తప్పు సరుకు పంపినవాళ్ళది. ఆ ఫిట్టరు దానియేలు, రత్నం మేడమ్‌కు సొంత మరిది.

ఆమె రింగును రెండుగా కోసి, ఒక సగాన్ని కవరులో పెట్టి, లక్క వేసి బీరువాలో దాచారు. రెండో సగం నా బల్ల మీద పెట్టారు.

"నువ్వు సెయ్యి. నేను ముట్టుకోను, మాటాడను. మావోడి గురించి నేను నోరిప్పినానంటే ఆడి నిజం కూడా అబద్ధమైపోతాది."

నల్ల రబ్బరు గుండా వెలుగు పోదు. అందుకని ముక్కను గొట్టంలో కాల్చి, అంచున చేరిన జిడ్డును ఉప్పు పలకకు రాసి యంత్రంలో పెట్టాను. నైట్రైల్‌కు గీతలో ఒకచోట సన్నటి మొన లేస్తుంది. మామూలు రబ్బరుకు ఆ చుట్టుపక్కల ఏమీ ఉండదు. నా గీతలో మొన లేచింది. దానియేలు పిల్లలు నాకు తెలుసు.

"నైట్రైలే మేడమ్" అన్నాను.

ఆమె కాగితం చూశారు. ముఖంలో ఏమీ కదలలేదు.

"నీ పని అయిపోనాదా?"

"అయిపోయింది మేడమ్."

"అయిపోతే పెద్దాఫీసుకి ఇచ్చీ."

తలుపు దాకా వెళ్ళి వెనక్కి చూశాను. ఆమె చేతులు కట్టుకుని, కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డారు. కిటికీ కనపడగానే, రెండో గీత పెట్టి చూడనే లేదని గుర్తొచ్చింది. మంచి నైట్రైల్ గీత తెచ్చి, నా గీతతో కలిపి అద్దానికి ఆనించాను. ఆమె పక్కకు జరిగారే తప్ప తల తిప్పలేదు. అసలు మొన ఒంటిది, కుడివైపుకు ఉంది. నాది రెండు తలలది, కాస్త ఎడమగా ఉంది. అది మనం వదిలే బొగ్గుపులుసు వాయువు గుర్తు. అంటే పలక పెడుతూ నేను యంత్రంలోకి ఊదిన ఊపిరి.

మూతికి చున్నీ కట్టుకుని, యంత్రంలో గాలి తేటపడేదాకా ఆగి, మళ్ళీ తీశాను. మొన లేదు. మామూలు రబ్బరే. గోదాములో విప్పని పొట్లంలోని రింగులు తెప్పించి చూస్తే వాటి గీతా దీని గీతా ఒక్కటే. సంతోషం పట్టలేక అక్కడే ఏడ్చేశాను.

పనిలోకి తిరిగి చేరిన రోజు దానియేలు మిఠాయి పట్టుకొచ్చి, "వదినా, నీ దయ" అన్నాడు.

"నా దయేటి? ఆ పిల్లకి సెప్పు. ముందు నిన్ను ముంచినాది కూడా అదే" అని నవ్వారు ఆమె.

అతను వెళ్ళాక అడిగాను. "నా ఊపిరని మీకు చూడగానే తెలిసిపోయింది కదా మేడమ్? నేను వెనక్కి రాకపోతే?"

"ఆ సగం ముక్క ఎందుకు దాసినాననుకున్నావు? బయట లేబుకి పంపీదాన్ని. ఆళ్ళు ఏటి సెప్తే అదే."

"మరి కిటికీ దగ్గరెందుకు నిలబడ్డారు? నాకు గుర్తుచేయడానికేనా?"

"వానొస్తాదేమోనని సూసినాను" అన్నారు, మిఠాయి నములుతూ.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. యంత్రం తలుపు తీస్తే చాలు, నా ఊపిరి దానంతటదే ఆగిపోతుంది. మా తమ్ముడు ఈమధ్య కిరాణాతో పాటు రంగుల వ్యాపారం కూడా మొదలుపెట్టాడు. మొన్న వాడు వర్క్‌షాపుకు పంపిన రంగు పరీక్షకు వచ్చింది. సగం తీసి లక్క వేసి దాచాను. మిగతాది నా దగ్గర పనిచేసే దీపాలికి ఇచ్చాను. సాయంత్రం ఆమె ఒక్క గీత పట్టుకొచ్చి, "ఠీక్ హై, దీదీ?" అంది. ఒక మొన నాకు తేడాగా కనిపించింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా వానొస్తుందేమోనని చూస్తూనే ఉన్నాను.